గేటు బయట మంద

ఆఫీసులో ఆమెను అందరూ కొర్రీ అంటారు. ఎదురుగా అయితే కొర్రీ అక్క. ఆమె పని అలాంటిది. వీడియో గేములు తయారు చేసే కంపెనీలో టెస్టర్. మిగతావాళ్ళు రాత్రింబవళ్ళు కూర్చుని కట్టిన ఆటను ఈమె ఆడి చూసి, ఇక్కడ మనిషి గోడలోంచి దూరిపోతున్నాడు, అక్కడ చచ్చినవాడు లేచి టీ తాగుతున్నాడు అని కొర్రీలు పెట్టాలి. జీతమిచ్చి మరీ తప్పులు పట్టమంటున్నారు, ఇంతకన్నా సుఖమైన ఉద్యోగం ఉంటుందా అని చేరిన కొత్తలో మురిసిపోయింది. ఆ మురిపెం ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు ఆమెకి ఉన్నదల్లా విసుగు. దానికి కారణం గొర్రెలు.

ఆమె పుట్టింది మందతో తిరిగే ఇంట్లో. ఇల్లు అనడం కూడా మాట వరసకే. నాన్న, అమ్మ, బాబాయి, గిన్నెలూ దుప్పట్లూ మోసే ఒక గాడిద, ముందు గొర్రెలూ కొన్ని మేకలూ, వెనక కుక్కలు. వానలకి ఎగువ మెట్టల మీద, కోతలయ్యాక దిగువ పొలాల్లో. తిరిగేవాళ్ళంటే ఎటు బుద్ధి పుడితే అటు పోయేవాళ్ళని జనం అనుకుంటారు. ఎటు బుద్ధి పుడితే అటు పోతే మంద నెల తిరక్కుండా ఖాళీ అవుతుంది. ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో, ఏ రైతు ఎప్పుడు కోత కోస్తాడో, ఎవరి బావి దగ్గర కుక్క కరుస్తుందో అన్నీ తెలుసుకుని, పోయినేడు నడిచిన దారిలోనే ఈ ఏడూ నడవాలి. వేళ తప్పకుండా ఉండటంలో వాళ్ళ నాన్నను మించిన మనిషి ఈ ఆఫీసులో ఒక్కరూ లేరు. ఆఫీసులో అసలు వేళకొచ్చేవాళ్ళే లేరు, అది వేరే సంగతి.

కోతలయ్యాక పని మంద పెట్టడం. రైతే కబురు పెడతాడు. పొద్దుగూకే వేళకి మంద పొలం దగ్గరికి చేరితే, రైతు ఎదురొచ్చి గేటు తీస్తాడు. పొలంలో తడికలు కట్టి గొర్రెల్ని అందులో పడుకోబెడతారు. రాత్రంతా అవి వేసే పెంట ఆ నేలకి బలం. గొర్రెలకి మేత, కాపరికి భోజనం, వెళ్ళేటప్పుడు కాస్త ధాన్యం. మర్నాడు తడికలు పక్క మడికి జరుపుతారు. చిన్నప్పుడు ఆమె అందరికన్నా ముందు పరిగెత్తి గేటు పట్టుకుని నిలబడేది. రైతు భార్య చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "వచ్చారా, ఇంకా రాలేదేంటా అని పొద్దున్నుంచీ చూస్తున్నాం" అనేది. ఊళ్ళో స్థిరంగా ఉండేవాళ్ళకీ తిరిగేవాళ్ళకీ మధ్య సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే ఆమెకి ముందు గుర్తొచ్చేది ఆ మాటే.

తర్వాత చదువు కోసం హాస్టల్లో వేశారు. అక్కడి కంప్యూటర్ గదిలో మొదటిసారి ఒక ఆట ఆడింది. ఒక పొలం, ఒక కొట్టం, చుట్టూ తెల్లరంగు కంచె, కంచెలో గొర్రెలు. తన గొర్రెలు తనకి దొరికాయని ఆశపడి కూర్చుంది. గొర్రె తల నిమిరితే దాని నెత్తి మీద ఎర్రటి గుండె బొమ్మ లేచింది. కత్తెర గుర్తు నొక్కితే ఉన్ని చేతికొచ్చింది. మర్నాటికి మళ్ళీ ఉన్ని. గిట్టలు పుండ్లు పడవు, పిడుదులు పట్టవు, జోరువానలో ఈనవు, పక్కవాడి చేలో పడి తిట్లు తినిపించవు. ఏడాది పొడుగునా అదే కంచెలో నిలబడి అదే గడ్డి తింటాయి, ఆ గడ్డి తరగదు. అంత గడ్డి ఎక్కడినుంచి వస్తుందో చెప్పిన ఆట ఆమెకి ఈ రోజుదాకా కనపడలేదు. పైగా గొర్రెలన్నిటికీ ఒకటే మొహం. తన మందలో ఏ పిల్ల ఏ తల్లిదో చీకట్లో అరుపుని బట్టి చెప్పగలిగిన అమ్మాయికి అది ఎంత కంపరమో ఊహించుకోవచ్చు.

ఇది కంచెలో ఉండే గొర్రెల సంగతి. తిరిగేవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. యుద్ధాల ఆటల్లో వాళ్ళు మ్యాపు అంచునుంచి ఊడిపడతారు. గుర్రాలు, కేకలు, మంటలు. వాళ్ళలో ఆడవాళ్ళుండరు, ముసలివాళ్ళుండరు, చంటిపిల్లలుండరు. మరి పాలు పితికేదెవరు, చిరిగిన గుడారం కుట్టేదెవరు? ఆ ప్రశ్న ఎవరికీ రాదు, ఎందుకంటే వాళ్ళు ఆటలోకి వచ్చేదే చావడానికి. ఇంకో రకం ఆటలో మొదటి మెట్టు గుడారం. మేకలు కాసి నాలుగు రాళ్ళు వెనకేసుకుంటే బాకా మోగుతుంది, గుడారం ఇల్లవుతుంది, మేకలు కొట్టంలోకి వెళ్తాయి, 'మీరు ఎదిగారు' అని తెర మీద పెద్ద అక్షరాలు పడతాయి. మళ్ళీ గుడారంలోకి వెళ్ళడానికి దారి ఉండదు. ఆమె వెళ్దామని నానా తంటాలూ పడింది. వాళ్ళ తాతయ్య కరువు రోజుల్లో ఒక ఊళ్ళో ఇల్లు కట్టుకుని కొన్నేళ్ళు సేద్యం చేశాడు. వానలు పడ్డాక ఇంటిని తమ్ముడికి అప్పజెప్పి మళ్ళీ మందతో దారి పట్టాడు. ఆ ఆట ప్రకారం చూస్తే తాతయ్య ఎదిగి ఎదిగి చివరికి కుంచించుకుపోయాడన్నమాట.

ఇలాంటి ఆటలు ఎవరో ఎక్కడో చేస్తుంటే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఇప్పుడు తను జీతం తీసుకునే కంపెనీయే చేస్తోంది.

ఆటకి రూపం ఆలోచించే డిజైనర్‌కి ఆమె పెట్టిన పేరు కంచె. ఏ జంతువును చూసినా ముందు దాని చుట్టూ కంచె గీస్తాడు కాబట్టి. మంచివాడే, అసలు చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే నాలుగు దులిపి కడుపు చల్లబరుచుకోవచ్చు. ఇతను అక్కా అక్కా అంటూ చెప్పిందంతా శ్రద్ధగా వింటాడు, తలూపుతాడు, వెళ్ళి ఇంకోలా చేస్తాడు.

అతని ఆటలో ఒక లోయ, లోయలో గోడ కట్టుకున్న ఒక ఊరు. ఆడేవాళ్ళది ఆ ఊరు. దున్నాలి, విత్తాలి, గొర్రెల్ని కొట్టాల్లో పెంచాలి, పంట కోయాలి. కోత అయిన సాయంత్రం సంచార తెగ దాడికొస్తుంది. గోడమీంచి బాణాలు వేస్తూ తెల్లారేదాకా గేటు కాపాడుకుంటే గెలిచినట్టు.

ఆమె మొదటి కొర్రీ పెట్టింది. మందలు కాసే తెగ అని రాశారు, వాళ్ళ వెంట ఒక్క గొర్రె కూడా లేదేం? కంచె ఎగిరి గంతేశాడు. "బలే పట్టావక్కా. గొర్రెలు ముందు, వాళ్ళు వెనక. దుమ్ము లేస్తుంటే ఇంకా భయంగా ఉంటుంది" అన్నాడు. వారం తిరిగేసరికి దాడికి వచ్చే గుర్రాల ముందు చక్కటి మంద తయారైంది.

రెండో కొర్రీ ఊరి గేటు మీద. ఊళ్ళో గొర్రెలు పుట్టి చచ్చేదాకా గోడ దాటవు, మేతకెళ్ళేదెలా? అదీ నిజమేనన్నాడు. గేటు తీసేందుకు ఒక బటన్ పెట్టాడు.

మూడోది అసలు కొర్రీ. కోత అయిన పొలానికి మంద వస్తే దాడెందుకవుతుంది? రైతు గేటు తియ్యాలి, మంద పెట్టించుకోవాలి, మరుసటి పంట బాగా పండాలి. ఆట అలా ఎందుకుండకూడదు? ఆ కొర్రీ మాత్రం వెళ్ళిన దారినే తిరిగొచ్చింది. కింద ఒకటే ముక్క: 'ఇది లోపం కాదు, డిజైన్.'

ఆమె అతని బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అందరూ మంచివాళ్ళయిపోతే ఇంక ఆటేముందక్కా? ఏదో ఒక గొడవ ఉండాలి కదా" అన్నాడు కంచె.

"గొడవలకేం తక్కువ? వాన ముందొచ్చి కోత ఆలస్యమైతే, గట్టు మీదికొచ్చిన మందను ఎక్కడ నిలబెడతావు? ఇద్దరు రైతులు ఒకే రాత్రికి పిలిస్తే ఎవరి పొలానికెళ్తావు? మేక పోయి ఎవరి పాదులో పడితే ఎంత రాద్ధాంతమో నీకు తెలుసా? కత్తులు లేకుండా తల బద్దలైపోయేంత గొడవుంది అందులో."

"బాగుందక్కా. చాలా బాగుంది. రెండో భాగంలో పెడదాం."

రెండో భాగం అంటే ఎన్నటికీ రాదని ఆ ఆఫీసులో గోడలకి కూడా తెలుసు. అయినా ఆమె మనసు నొచ్చుకుందని అతనికి అనిపించినట్టుంది. నాలుగు రోజులకి ఒక మంచి సంచారిని కూడా పెట్టాను చూడక్కా అని పిలిచాడు. చూస్తే, ఊరి చివర చీకట్లో ఒక గడ్డం ముసలివాడు. మాయ కంబళ్ళు అమ్ముతాడు. ఏం అడిగినా పొడుపుకథల్లో సమాధానం చెప్తాడు. వాళ్ళ నాన్న ఈ వయసుదాకా ఒక్క పొడుపుకథ చెప్పిన పాపాన పోలేదు. ఆయన మాట్లాడేదల్లా మేత గురించి, మోకాళ్ళ నొప్పి గురించి. దొంగైనా కావాలి, మాంత్రికుడైనా కావాలి, మామూలు మనిషి మాత్రం కాకూడదు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

ఇంతగా మండటానికి ఒక కారణముంది. కోతలయ్యాక వాళ్ళ మంద నగరం శివార్లకి వస్తుంది. అప్పుడు నాన్న ఒకరోజు మందను బాబాయికి వదిలి కూతుర్ని చూడటానికొస్తాడు. వచ్చినప్పుడల్లా "నీ పనేంటో ఒకసారి చూపించమ్మా" అంటాడు. దారిలో కలిసిన రైతులందరికీ, "మా అమ్మాయి ఆటలు పరీక్ష చేస్తుంది. అందులో అబద్ధముంటే ఒప్పుకోదు" అని చెప్పుకుంటాడట. ఇదివరకు ఆఫీసు పని వేరే రకం ఆటల మీద ఉన్నప్పుడు కూడా ఏదో సాకు చెప్పి తప్పించేది, బడాయిలకి పోతాడని. ఈ ఏడు సాకు కాదు, భయం. తన కూతురు నెలనెలా జీతం తీసుకునే చోట తనలాంటివాళ్ళని దొంగల్ని చేసి చూపిస్తున్నారని ఆయనకి తెలియకూడదు. ఆయన వచ్చేలోపు ఆ దాడి మారాలి. లేదా ఆయన రాకూడదు.

దాడి మారలేదు. ఆయన వచ్చాడు. ఆ పుణ్యం లీడ్ మేడమ్‌ది.

లీడ్ మేడమ్ అంటే వాళ్ళందరికీ పైన ఉండే ఆవిడ. ఏ విషయానికైనా ఇట్టే ఉత్సాహపడిపోతుంది, అదొక్కటే ఆవిడ లోపం. ఆట విడుదలకి ముందు, ఎప్పుడూ ఆటలాడని బయటివాళ్ళని పిలిచి ఆడించి చూడటం రివాజు. ఒకరోజు ఆమె ఫోన్లో నాన్నతో మాట్లాడుతుండగా ఆయన వెనకనుంచి గొర్రెల అరుపులు విని మేడమ్ ఆగిపోయింది.

"మీ నాన్నగారు గొర్రెల కాపరా? ఇన్నాళ్ళూ చెప్పలేదేం? ఏదీ, స్పీకర్‌లో పెట్టు."

"మేడమ్, సిగ్నల్ సరిగ్గా..."

"అంకుల్, నమస్కారమండీ. మా ఆఫీసుకొచ్చి మా ఆట ఒకసారి ఆడిపెడతారా? అందులో గొర్రెలు కూడా ఉన్నాయి."

"గొర్రెలున్నాయా? తప్పకుండా వస్తానమ్మా" అంది ఫోను. ఎప్పుడూ అందని సిగ్నల్ ఆవేళ గంట కొట్టినట్టు అందింది.

వచ్చేరోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మీసం సరిచేయించుకున్నాడు. ఆఫీసు గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతే ఆమె వద్దని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. లోపల గాజు గది, మధ్యలో పెద్ద తెర, దాని ముందు సోఫా. పనిలేనివాళ్ళూ, పని ఎగ్గొట్టినవాళ్ళూ అంతా గోడకి ఆనుకుని నిలబడ్డారు. గొర్రెలు కాసే పెద్దాయన వస్తున్నాడంటే వేడుక మరి. గొర్రెలు కాసే ఈ పెద్దాయనకీ, తను తయారు చేసిన గుర్రపు దొంగలకీ ఏదైనా చుట్టరికముందేమోనని కంచెకి తట్టనే లేదు. ఆయన చేతిలో కంట్రోలర్ పెట్టి, పక్కన కింద కూర్చుని ఓపిగ్గా చూపించాడు. ఇది నొక్కితే మనిషి నడుస్తాడు, ఇది బాణం, ఇది గేటు.

ఆమె సోఫా వెనక నిలబడింది. చివరి ప్రయత్నంగా, "నాన్నకి కళ్ళు సరిగ్గా ఆనవు మేడమ్, కాసేపు కోత వరకూ ఆడిస్తే చాలు" అంది.

"నా కళ్ళకేమైంది? పొద్దున కూడా మందలో ముల్లు గుచ్చుకున్నదాన్ని నేనే పట్టాను" అన్నాడు నాన్న, నొచ్చుకుని.

ఆట మొదలైంది. కోత అయిపోయిన పొలం కనపడగానే ఆయన ముందుకి వంగాడు.

"మంచి నేల. కోత ఎప్పుడైంది?"

"ఇప్పుడే అంకుల్."

"మడులు పెద్దవి. గట్లు బాగా తీశారు" అని మెచ్చుకున్నాడు. కంచె మొహం వెలిగిపోయింది. గట్లని మెచ్చుకున్నవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు.

తెర మీద పొద్దుగూకింది. డప్పులు మోగాయి. పైన 'దాడి!' అని ఎర్రటి అక్షరాలు మెరిశాయి. నాన్న ఆ అక్షరాల వంక చూడలేదు. లోయ చివర లేచిన దుమ్ము చూశాడు.

"మంద వస్తోంది" అన్నాడు. గొంతులో సంతోషం స్పష్టంగా వినపడింది. "ఏదీ, గేటు ఏ బటనన్నావు?"

కంచె ఏదో అనేలోపే గేటు తెరుచుకుంది. గొర్రెలు లోపలికొచ్చాయి. వాటి వెనక గుర్రాలూ వచ్చాయి. కొట్టాలు అంటుకున్నాయి, కేకలు లేచాయి, ఊరు బూడిదైంది, 'మీరు ఓడిపోయారు' అని తెర నల్లబడింది.

గదిలో కొందరు నవ్వారు. ఎగతాళిగా కాదు, పిల్లలు తప్పటడుగు వేస్తే నవ్వినట్టు. నాన్న కంట్రోలర్‌ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"నేనేం తప్పు నొక్కాను?"

"ఏం ఫర్లేదంకుల్, మళ్ళీ ఆడండి."

రెండోసారి ఆయన కోత కాగానే గేటు తీసి పెట్టాడు. మొదటిసారి ఆలస్యమైందనీ, చీకటి పడేదాకా బయట నిలబెడితే ఎవరికైనా కోపమొస్తుందనీ ఆయన లెక్క. ఊరు ఇంకా తొందరగా కాలిపోయింది. మూడోసారికి ఇంకో సంగతి తట్టింది.

"ఎదురెళ్ళి పిలవలేదు. అదీ తప్పు. మనం లోపలే కూర్చుంటే వాళ్ళకి మర్యాదగా ఉండదు" అని, గేటు తీసి, ఆటలోని మనిషిని ఒంటరిగా, చేతిలో ఏమీ లేకుండా దుమ్ముకి ఎదురు నడిపించాడు. మొదటి గుర్రం మీదివాడు కత్తి విసిరాడు. మనిషి అక్కడే పడిపోయాడు.

సోఫా వెనకనుంచి ఆమె ఇదంతా చూస్తోంది. ఆ గొర్రెల్ని అక్కడ పెట్టించింది తను. ఆ గేటుకి బటన్ పెట్టించింది తను. రెండు కొర్రీలు నెగ్గానని, అవేంటో చెప్పకుండానే, అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పుకుంది. ఆ రెండూ లేకపోతే నాన్న ఈపాటికి నాలుగు బాణాలు వేసి, ఏదో పిల్లల ఆట అనుకుని, టీ తాగి వెళ్ళిపోయేవాడు. కంచె మీద కోపమొచ్చింది, మేడమ్ మీద కోపమొచ్చింది, అందరికన్నా ఎక్కువ తన మీద తనకే వచ్చింది.

"ఇంక చాలు నాన్నా, పోదాం పద" అంది.

"ఉండమ్మా, సంగతి తెలియాలి కదా. ఎవరు బాబూ వీళ్ళు? గొర్రెల వెనక ఈ దొంగ వెధవలెక్కడినుంచొచ్చారు? గొర్రెల్ని గానీ కొట్టుకొచ్చారా?"

కంచె ఎంతో నెమ్మదిగా, గౌరవంగా చెప్పాడు. "కొట్టుకురాలేదంకుల్, అవి వాళ్ళవే. వాళ్ళు సంచార తెగ. ఇల్లూ వాకిలీ ఉండదు. మందలు తోలుకుంటూ తిరుగుతుంటారు. కోతలవగానే ఊళ్ళమీద పడతారు. అందుకే వాళ్ళొస్తే గేటు తియ్యకూడదు."

"మందలు తోలుకుంటూ తిరిగేవాళ్ళా?"

"అవునంకుల్."

నాన్న మెడ తిప్పి కూతురి వంక చూశాడు. ఆమె తల దించుకుంది. సోఫా కాలు దగ్గర ఒక వైరు చుట్టుకుని ఉంది, దాన్నే చూస్తూ నిలబడింది. ఎంతసేపు చూశాడో తెలియదు. తలెత్తేసరికి ఆయన మళ్ళీ తెరవైపు తిరిగి ఉన్నాడు.

"సరే బాబూ. మళ్ళీ పెట్టు."

ఈసారి కోత అయింది, పొద్దుగూకింది, దుమ్ము లేచింది. నాన్న కంట్రోలర్‌ని ఒళ్ళో పెట్టుకుని దాని పక్కన చేతులు రెండూ ఆనించాడు. బాణం వెయ్యండంకుల్ అని ఎవరో అన్నారు. ఆయన వెయ్యలేదు. గేటూ తియ్యలేదు. మంద వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. గొర్రెలు అరుస్తున్నాయి. ఆ అరుపులు కూడా బయట ఎక్కడో నిజం మందలోంచి పట్టుకొచ్చినవే, బాగా కుదిరాయి. ఆయన కదలకుండా చూస్తూ కూర్చున్నాడు. తెర మీద రాత్రి గడిచి తెల్లారింది. ఆ మొదటి మెట్టులో గేటు మూసుంటే చాలు, గుర్రాలు వెనక్కి తిరిగాయి. గొర్రెలు ఉన్నచోటే మాయమయ్యాయి. బాకా మోగింది, బంగారు నక్షత్రం పడింది, 'మీ ఊరు నిలిచింది.'

గదంతా చప్పట్లు కొట్టింది. మేడమ్ స్వయంగా వచ్చి చెయ్యి కలిపింది. నాన్న లేచి అందరికీ దణ్ణం పెట్టాడు.

"అంకుల్, మీ పుణ్యమా అని మాకొక పెద్ద లోపం బయటపడింది" అన్నాడు కంచె, నిజంగానే కృతజ్ఞతతో. "దాడి జరిగేటప్పుడు గేటు తెరుచుకోవడమే తప్పు. కొత్తవాళ్ళు ఇలాగే పొరబడతారు. సాయంత్రానికల్లా తాళం పెట్టేస్తాను. కొర్రీ అక్క చూసి సరే అంటే ఇంకెవరూ పొరపాటున కూడా తియ్యలేరు."

నాన్న తలూపాడు. టీ ఇస్తే తాగాడు. మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టేసి మధ్యలో ఆగితే ఆమె చెయ్యి అందించింది, పట్టుకున్నాడు. బస్ స్టాపులో బెంచీ మీద ఎవరో పాత పేపరు వదిలేసి వెళ్ళారు. దాన్ని పక్కకి జరిపి కూర్చున్నాడు.

ఆమె ఇంక ఆగలేకపోయింది. "గేటెందుకు తియ్యలేదు నాన్నా?"

"ఆట అది కదమ్మా."

"ఎవడు గెలవమన్నాడు నిన్ను? మూడుసార్లు తీశావు కదా, నాలుగోసారీ తియ్యాల్సింది. అంతమందిలో తియ్యాల్సింది. ఆ మంద మనదేనని తెలిశాక కూడా మూసుకుని కూర్చుంటావా?" ఆమె గొంతు లేచింది. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. ఇన్నాళ్ళ విసుగు వెళ్ళి వెళ్ళి, ఏ పాపం ఎరగని ఆయన మీద పడుతోందని తెలుసు. తెలిసి కూడా ఆపుకోలేకపోయింది.

నాన్న తొందరపడలేదు. "అంతమంది నిలబడి చూస్తున్నారు. వాళ్ళ మధ్యలో నువ్వు తల దించుకుని ఉన్నావు. ఎంతసేపని ఓడిపోను చెప్పు?"

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన ఆ పాత పేపరు మడతపెడుతూ ఉన్నాడు.

"మంచి కుర్రాడేనమ్మా అతను. పొలం బాగా చేశాడు" అన్నాడు. "ఆ గొర్రెలేమయ్యాయి, తెల్లారాక?"

"ఏం కాలేదు నాన్నా. ఆటలోంచి తీసేస్తారు."

"రాత్రంతా గోడవతలే ఉంచి?"

"ఊఁ."

"మరి వచ్చే ఏడు ఆ నేలకి బలమెక్కడిది?"

"వాళ్ళ నేలకి బలం తగ్గదు నాన్నా. అదొక రకం నేల."

ఆయన నోటితో చిరాగ్గా చప్పుడు చేశాడు. చిన్నప్పుడు మేకలు మాట వినకపోతే చేసే చప్పుడది. బస్సు మలుపు తిరిగి వస్తూ కనపడింది. లేచి చొక్కా సర్దుకున్నాడు.

"ఆ తాళం సంగతి. నువ్వు సరే అంటేనే వేస్తారా?"

"నేను సరే అంటేనే."

"అయితే అనకు" అని బస్సెక్కాడు.

ఆమె పైకి వచ్చేసరికి తాళం తయారై పరీక్షకి ఆమె కంప్యూటర్ తెర మీదికొచ్చింది. కింద కంచె నవ్వు మొహం బొమ్మ ఒకటి పెట్టాడు. ఆమె ఆట తెరిచింది. కోత అయింది, మంద వచ్చింది, గేటు బటన్ నొక్కింది. తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కింది. తాళం చాలా చక్కగా పనిచేస్తోంది, వంక పెట్టడానికి ఏమీ లేదు. 'మంద వచ్చినప్పుడు గేటు తెరుచుకోవడం లేదు. సరిచెయ్యాలి' అని రాసి తిప్పి పంపింది.

నిమిషంలో కంచె కుర్చీ దొర్లించుకుంటూ వచ్చాడు. "అక్కా, తెరుచుకోకూడదనే కదా చేసింది. మీ నాన్నగారి కోసమే కదా."

"మా నాన్న కోసమే నేనూ రాశాను" అంది.

అతనికి అర్థం కాలేదు. వెళ్ళి మళ్ళీ పంపాడు. ఆమె మళ్ళీ తిప్పింది. మేడమ్ గాజు తలుపులోంచి ఇద్దర్నీ చూసి, విడుదల దగ్గర పడుతుంటే ఏమిటీ గొడవ అని లేచి వస్తోంది. రానీ అనుకుంది ఆమె. పక్కనున్న కుర్చీలోంచి తన సంచీ తీసేసి, మేడమ్ కూర్చోవడానికి చోటు చేసింది.